అనురాగహేతువు: ఇబ్ను హజము, తపతీసంవరణ కథ

అనురాగమునకు దర్శనము కారణమా, నిమిత్తమాత్రమా యను ప్రశ్న అరబ్బీ వాఙ్మయమునందును మన కావ్యములందును గలదు. స్పెయిను దేశమందలి కార్డోవా పండితుడు ఇబ్ను హజము (994–1064) ‘తౌఖుల్ హమామా’ యను గ్రంథమున, వేరుపడిన యాత్మాంశములు పూర్వసాజాత్యమువలన మరల గూడుటయే ప్రేమయని నిర్వచించెను. సౌందర్యమే హేతువైనచో అందము కొఱవడినవారిని వలచువారుండరాదని యాతని యుక్తి. దేహమను తెర యడ్డముగా నుండుటచే నా సాజాత్యము తెలియుటకు చిరపరిచయము వలయుననియు, తొలిచూపున బుట్టినది కామమాత్రమనియు నాతని మతము.

ఈ కొలతకు మన కావ్యములు నిలుచునా? గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబుషాహునకు (1550–1580) అద్దంకి గంగాధరకవి యంకితమిచ్చిన ‘తపతీసంవరణోపాఖ్యానము’ ఇచట పరీక్షింపదగినది. సంవరణుడు కొండపై తపతిని జూచినంతనే మోహించెను. పైకి జూడ నిది హజము త్రోసిపుచ్చిన ప్రేమయే. కాని యీ కథకు మూలమైన యాదిపర్వమును బరికింపగా వేఱొక యర్థము తోచును. సంవరణుడు సూర్యు నారాధించినవాడు. ఆ భక్తికి మెచ్చి, తన కూతునకు తగినవా డాతడేయని సూర్యు డా చూపునకు మున్నే తలచియుండెను. పిదప సంవరణుడు తపమునకు బూనగా, పండ్రెండవనాడు వచ్చిన వసిష్ఠుడు సూర్యునొద్దకేగి తపతిని గొనివచ్చెను. కావున చూపు నిమిత్తము, భక్తి హేతువు, తపస్సు పరీక్ష.

అరబ్బీ పండితుడు పరిచయకాలమునుండి కోరిన నిశ్చయమును మన కథ పూర్వభక్తిచేతను తపస్సుచేతను సాధించినది. కార్శ్యము, నిద్రలేమి మొదలగు విరహచిహ్నములు రెండు వాఙ్మయములందును గలవని ఋణము నూహించుట తగదు. అవి మానవసామాన్యములు. పోల్పవలసినది చిహ్నములను గాదు, హేతువును.