పుట్టుక మీద నవ్వు, వారసత్వం మీద మౌనం

రాజకీయ నాయకుల పిల్లల మీద కార్టూన్లు వేయొచ్చా, వేయకూడదా? ఈ చర్చ మన దగ్గర ఎప్పుడు లేచినా రెండు జవాబులే వినపడతాయి. ఒకటి మర్యాద జవాబు: 'పెద్దల గొడవలోకి పిల్లల్ని లాగొద్దు.' రెండోది స్వేచ్ఛ జవాబు: 'రాజకీయ కుటుంబంలో పుట్టినవాళ్లు విమర్శకు అతీతులు కారు.' రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. కాని 'పిల్లలు' అంటే ఎవరు, నవ్వు దేని మీద, నవ్వేది ఎవరు అన్న ప్రశ్నల్ని రెండూ అడగవు. కులసమాజంలో ఈ ప్రశ్నలు వేయకుండా నవ్వు గురించి మాట్లాడటం కుదరదు. తల్లిదండ్రుల్ని బట్టి బిడ్డ విలువ కట్టే పద్ధతికే గదా ఇక్కడ కులం అని పేరు!

హైదరాబాద్‌లో జరిగిన రెండు ఘటనల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

2021 డిసెంబరులో తెలంగాణ ఐటీ మంత్రి కె. తారక రామారావు కొడుకు పదహారేళ్ల విద్యార్థి. అభివృద్ధి భద్రాచలం గుడిలో జరిగిందా, ఆ పిల్లవాడి ఒంట్లో జరిగిందా అనే అర్థం వచ్చేట్టు తీన్మార్ మల్లన్న ట్విట్టర్‌లో ఓటింగ్ పెట్టారు. అది గీసిన బొమ్మ కాదు గాని, చేసింది కార్టూన్ పనే. ఒక ఒంటిని చూపించి ప్రభుత్వాన్ని నవ్వులపాలు చెయ్యాలనుకున్నారు. మంత్రి నేరుగా బీజేపీ జాతీయ అధ్యక్షుడు నడ్డాను నిలదీశారు. వై.ఎస్. షర్మిల లాంటి ప్రత్యర్థులు కూడా ఆ మాటను ఖండించారు. మల్లన్న నడిపే క్యూ న్యూస్ కార్యాలయం మీద టీఆర్ఎస్ కార్యకర్తలు దాడి చేశారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2017 ఏప్రిల్‌లో, 'పొలిటికల్ పంచ్' అనే ఫేస్‌బుక్ పేజీ నడిపే వ్యక్తిని శంషాబాద్‌లోని ఇంటి నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసులు తీసుకెళ్లారు. శాసనమండలిని కించపరిచే బొమ్మ పెట్టారన్నది ఫిర్యాదు. ఆ పేజీ నిండా ముఖ్యమంత్రి చంద్రబాబు మీదా, ఆయన కొడుకు లోకేశ్ మీదా వెక్కిరింతలే. లోకేశ్‌కు అప్పటికి ముప్పై నాలుగేళ్లు. మార్చిలో మండలి సభ్యుడయ్యారు. ఏప్రిల్ 2న మంత్రి అయ్యారు. ప్రజల ఓటుతో గెలిచిన అనుభవం అప్పటికి లేదు.

ఈ రెండు ఘటనలూ ఒకటి కావు. ఒకరు బడికి పోయే పిల్లవాడు. ఇంకొకరు ఫైళ్ల మీద సంతకం పెట్టే మంత్రి. కాని అధికారం రెండింటికీ ఒకే తీరుగా స్పందించింది: ఒకచోట దాడి, ఒకచోట అరెస్టు. పాలక కుటుంబాల దృష్టిలో మంత్రి అయిన కొడుకూ, మైనరు మనవడూ ఇద్దరూ 'మా ఇంటి బిడ్డలే.' వెక్కిరించేవాళ్ల దృష్టిలోనూ అంతే, ఇద్దరూ 'ఆ ఇంటి పిల్లలే.' ఈ కలగాపులగాన్ని మనం ఒప్పుకోకూడదు. గీత ఎక్కడ గీయాలో ఇక్కడే తేల్చుకోవాలి. కార్టూన్ కొట్టాల్సింది వారసత్వాన్ని. పుట్టుకను కాదు.

ఈ తేడా మాటల గారడీ కాదు. కులానికి రెండు ముఖాలున్నాయి. ఒక ముఖం అవమానాన్ని తండ్రి నుంచి బిడ్డకు అప్పగిస్తుంది. రెండో ముఖం ఆస్తిని, పదవిని, పరపతిని తండ్రి నుంచి బిడ్డకు అప్పగిస్తుంది. మొదటిదాన్ని ఎదిరించేవాళ్లం రెండోదాన్నీ ఎదిరించాలి. రెండోదాన్ని ఎదిరించే ఊపులో మొదటిదాని పనిముట్లు చేతబట్టకూడదు. ఒళ్లు, రంగు, ముక్కు, నడక, నత్తి - ఇవన్నీ తరతరాలుగా మన మీద వాడిన పనిముట్లే.

ఈ వారసత్వం ఎంత పచ్చిగా ఉందో చూడాలంటే హైటెక్ సిటీకే పోవాలి. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వరకు పెరిగిన ఈ ప్రాంతం జపించే మంత్రం ఒక్కటే, 'మెరిట్.' కంపెనీలకు భూములు ప్రభుత్వం ఇచ్చింది. రోడ్లు ప్రభుత్వం వేసింది. ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి 'మాది ప్రైవేటు, రిజర్వేషన్లు వర్తించవు' అన్నారు. ఇక్కడ పుట్టుకను బట్టి ఏమీ రాదనీ, తెలివిని బట్టే వస్తుందనీ మనకు పాఠం చెప్పారు. మరి ఈ మెరిట్ రాజ్యానికి మంత్రులు ఎవరయ్యా అంటే, 2014 జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చాక తెలంగాణ ఐటీ శాఖ ముఖ్యమంత్రి కొడుకు చేతికి చేరింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ కూడా ముఖ్యమంత్రి కొడుకు చేతికే చేరింది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, కాదనం. కాని కొంతకాలం పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెరిట్ శాఖకు మంత్రి పదవి తండ్రి మంత్రివర్గం నుంచే వచ్చింది. రిజర్వేషన్ కోటాలో సీటు వచ్చిన పిల్లను 'కోటా' అని గేలి చేసే ఆఫీసుల్లో, ఈ కోటా గురించి ఎందరు నవ్వారు? కార్టూనిస్టుకు ఇంతకంటే గొప్ప సరుకు ఏం కావాలి?

కాని లోకేశ్ మీద మనం ఎక్కువగా చూసిన వెక్కిరింత ఏది? నాలుక మీద. ఆయన తెలుగు తడబడింది, జయంతికీ వర్ధంతికీ తేడా తెలియలేదు అని. అంబేద్కర్ జయంతి నాడు నోరు జారితే మనవాళ్లు కూడా పడీపడీ నవ్వారు. నోరు జారడం ఎవరికైనా జరుగుతుంది. అంబేద్కర్ పేరు పలికే ఆ మంత్రి శాఖలో, ఆ శాఖ పెంచిన కంపెనీల్లో అంబేద్కర్ బిడ్డలకు చోటెంత అన్నది అసలు ప్రశ్న. నాలుకను పట్టుకుని నవ్వినవాళ్లు ఆ ప్రశ్న దాకా పోలేదు. పైగా ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నారో ఆలోచించండి. ఊరి బడి నుంచి యూనివర్సిటీకి వచ్చిన దళిత విద్యార్థి సెమినార్‌లో ఇంగ్లీషు తప్పు పలికితే వెనక బెంచీల నుంచి వచ్చే నవ్వు అదే. ఇంటర్వ్యూలో 'కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు' అని పక్కకు పెట్టే నవ్వు అదే. మంత్రి మీద వాడాం గదా అని దాన్ని ప్రగతిశీలం అనుకుంటే, రేపు అది తిరిగి మన పిల్లల మీదికే వస్తుంది. మంత్రికి ఆ నవ్వు తగిలినా పదవి పోలేదు. మన పిల్లవాడికి తగిలితే చదువే ఆగిపోతుంది.

దీనికి మన మిత్రుల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. 'తెలంగాణ పల్లెల్లో దొర కొడుకు అయిదేళ్ల పోరడైనా మన తాతలు చెప్పులు చేతబట్టుకుని చిన్నదొరా, నీ బాంచన్ అన్నారు గదా. ఆ పోరడు మన ముసలోళ్లను ఒరే అన్నాడు గదా. అప్పుడు బాల్యం గుర్తుకు రాలేదా? ఇప్పుడు మనం నవ్వితే పిల్లలంటూ నీతులు చెప్తరేంది?' ఈ ప్రశ్నలో చరిత్ర ఉంది. కోపం న్యాయమైందే. ఆ వ్యవస్థలో దొర బిడ్డ ఎన్నడూ ఉత్త పిల్లవాడు కాడు, పుట్టుకతోనే అధికారి. అయితే ఆ దృశ్యంలో గీయాల్సింది ఏది? పోరని పొట్టా, బుగ్గలా? వాని ముందు వంగిన డెబ్బై ఏళ్ల నడుమా? ఆ నడుమును వంచిన భూమి, ఆచారం, భయం గీస్తే దొరతనం బయటపడుతుంది. పొట్ట గీస్తే దొరతనం దాక్కుంటుంది, పొట్ట మాత్రమే మిగులుతుంది. రేపు సన్నటి దొర వస్తే మన కార్టూన్‌కు పని లేకుండా పోతుంది.

కార్టూన్ గీత తటస్థమైంది కాదని మనకు వేరే ఎవరో చెప్పనక్కర్లేదు. మన తెలుగువాడే, ఉన్నమతి శ్యామసుందర్, 1932 నుంచి 1948 దాకా పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను సేకరించి 2019లో పుస్తకంగా తెచ్చారు. ఆ పుస్తకం తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ కాలపు ప్రధాన స్రవంతి పత్రికలు అంబేద్కర్ వాదనతో తలపడటం కంటే ఆయన ఆకారంతో ఆడుకోవడమే సులువనుకున్నాయి. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని శంకర్ కార్టూన్ మీద గొడవ వచ్చింది. నత్త మీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ ఉన్న 1949 నాటి బొమ్మ అది. అప్పుడు అభ్యంతరం చెప్పిన దళితులకు హాస్యం తెలియదన్నారు. పుణెలో సుహాస్ పాల్షికర్ కార్యాలయం మీద జరిగిన దాడిని సమర్థించలేం, క్యూ న్యూస్ మీద దాడిని సమర్థించలేనట్టే. కాని దాడిని ఖండించడంతో ప్రశ్న తీరిపోదు. నవ్వులో కులం ఉందా లేదా అన్నది అప్పుడూ తేలలేదు.

ఇంకొకటి గుర్తు చేసుకుందాం. 1990 మండల్ వ్యతిరేక ఆందోళనలోనూ, 2006లోనూ, అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన చూపారు. అది కాగితం మీద కాక నడివీధిలో వేసిన కార్టూన్. దాని అర్థం ఏమిటి? 'మీ అమ్మానాయన పని మాకు పడుతుందా?' అని. ఎవరి తల్లి వీధులూడుస్తుందో ఆ తల్లి బిడ్డ మొహం మీద వేసిన కార్టూన్ అది. మర్యాద జవాబు చెప్పేవాళ్లకు ఆ రోజు 'పిల్లల జోలికి పోవద్దు' అన్న సూత్రం గుర్తుకు రాలేదు. అంటే ఆ సూత్రం అందరు పిల్లలకూ కాదు.

బయటి ప్రపంచంలోనూ ఈ చర్చ నడిచింది. 2015 డిసెంబరులో అమెరికాలో టెడ్ క్రూజ్ తన చిన్నారి కూతుళ్లను ఎన్నికల ప్రకటనలో వాడుకున్నాడు. వాషింగ్టన్ పోస్ట్ కార్టూనిస్టు ఆన్ టెల్నేస్ ఆయన్ను కోతులాడించేవాడిగా, ఆ పిల్లల్ని కోతులుగా గీసింది. పిల్లల్ని వదిలేయాలన్నది తమ విధానమంటూ పత్రిక దాన్ని తీసేసింది. పిల్లల్ని ప్రచారానికి వాడుకున్నాక విమర్శకు అడ్డేముందన్నది ఆమె వాదన. వాదన సగం నిజం. తాడు పట్టుకున్న తండ్రి చేతిని గీయాల్సిందే. కాని కోతి మొహం పడింది పిల్లలకు. జంతువుగా చూపించి మనిషిని తక్కువ చేసే పద్ధతి నల్లవాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు. మన దగ్గర ఫ్లెక్సీల మీద మనవళ్ల బొమ్మలు, పుట్టినరోజు బ్యానర్లు, పిల్లల పేరిట ప్రకటించే ఆస్తులు - ఇవన్నీ తాడు పట్టుకున్న చేతులే. పాలు తాగే వయసు బిడ్డ పేరిట కోట్ల ఆస్తి ఉంటే దాన్ని అడగాలి. ఆ అడగడం తాతనూ తండ్రినీ. బిడ్డను కాదు.

మళ్లీ 2021 వెక్కిరింత దగ్గరికి వద్దాం. ఒంటి మీద నవ్వినవాళ్లు అసలు కార్టూన్ ఎట్లా పోగొట్టుకున్నారో 2023లో తేలింది. అదే పిల్లవాడు చదివే కార్పొరేట్ బడి తరఫున సుమారు కోటి రూపాయలు పోగుచేసి, గౌలిదొడ్డి దగ్గరి కేశవనగర్ ప్రభుత్వ బడిని బాగు చేయించాడు. 2023 జులైలో ప్రారంభం. ఆ సభలోనే, తాను మొదట చూసినప్పుడు బడి ఆవరణలో పందులు తిరిగేవనీ, ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్లు లేవనీ చెప్పాడు. అబ్బాయి చేసింది మంచిపని, అతని నిజాయితీని అనుమానించనక్కర్లేదు. కాని వినేవాళ్లకు తట్టాల్సింది ఒకటుంది. తాత తొమ్మిదేళ్లుగా ముఖ్యమంత్రి. తండ్రి ఐటీ మంత్రి. బడి ఉన్నది వేల కోట్ల వ్యాపారం జరిగే గచ్చిబౌలి అద్దాల మేడల నీడలో. అక్కడ ఆడపిల్లలకు మరుగుదొడ్డి రావాలంటే ముఖ్యమంత్రి మనవడు చందాలు పోగుచేయాల్సి వచ్చింది! హక్కుగా రావాల్సింది దయగా వచ్చింది. అదే గౌలిదొడ్డిలోని సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి మన పిల్లలు ఐఐటీలకూ వైద్య కళాశాలలకూ పోయారు. ప్రభుత్వం తలచుకుంటే ఏమవుతుందో అక్కడే కనపడుతోంది. ఈ రెండు బడుల మధ్య గీయాల్సిన కార్టూన్ ఉంది. అందులో పిల్లవాడి ఒంటి కొలతలతో పనే లేదు.

ఇదే గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల అక్కడ ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత ప్రశ్న ఎట్లా తిరిగింది? వెలివేసినవాళ్లెవరు అన్న ప్రశ్న పక్కకు పోయి, రోహిత్ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, అతను నిజంగా దళితుడా అన్న ప్రశ్న ముందుకొచ్చింది. మాదాపూర్ ఏసీపీ దర్యాప్తు చేసిన కేసులో, 2024లో బయటికొచ్చిన పోలీసు నివేదిక అతను షెడ్యూల్డ్ కులాల వాడే కాదంది. నిరసనలు వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చనిపోయిన కొడుకును తల్లి పుట్టుక అడ్డం పెట్టి విచారించడం కంటే, బిడ్డను తల్లిదండ్రుల పేరుతో కొట్టడం ఇంకేముంటుంది? మంత్రి కొడుకు మీద మాట పడితే గంటల్లో జాతీయ నాయకుల దాకా పోయింది. రాధికమ్మ ఎన్నేళ్లుగా తిరుగుతోంది?

అందుకని ఈ విషయంలో మన వైఖరి మర్యాదస్తుల వైఖరి కాకూడదు, వెక్కిరింతరాయుళ్లదీ కాకూడదు. గోడపత్రికలు వేసే విద్యార్థి మిత్రులు, ఫోన్లలో బొమ్మలు తయారుచేసే కార్యకర్తలు గీసేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ మనిషి చేతిలో పదవి గాని, ప్రజల సొమ్ము గాని ఉందా? మన నవ్వు ఆ మనిషి చేసిన పని మీదా, పుట్టిన ఒంటి మీదా? ఇదే బొమ్మలో మాల మాదిగ బిడ్డను పెడితే ఎట్లా ఉంటుంది? పదవి ఉంటే, పని మీద అయితే, ఎవరి కొడుకైనా కూతురైనా వదలొద్దు. అరెస్టు చేస్తే మనమందరం నిలబడాలి. లేకపోతే కలం ఆపాలి. మనల్ని పుట్టుకతో కొట్టిన సమాజంలో పుట్టుకను కొట్టని నవ్వు తయారుచేయడం మన బాధ్యతే. పాలకుల వారసత్వాన్ని మాత్రం ఆ నవ్వుతోనే నడివీధిలో నిలబెట్టాలి.