ఆఫీసు ప్రేమకథల్లో శత్రుత్వం ఎవరిది?

కాలక్షేపం నవల అనగానే పలాయనవాదమని ముద్ర వేసి పక్కన పెట్టడం మన విమర్శకు పాత అలవాటు. పలాయనమే అనుకుందాం. పాఠకురాలు ఎక్కణ్ణుంచి పారిపోతున్నదో ముందు తేల్చవద్దా? ఆఫీసులో బద్ధశత్రువులుగా మొదలై ప్రేమికులుగా తేలే జంటల కథలకు నేడు గిరాకీ ఎక్కువ. ఆస్ట్రేలియా రచయిత్రి శాలీ థోర్న్ రాసిన ‘ది హేటింగ్ గేమ్’ (2016) వాటిలో బాగా పేరు పొందినది.

రెండు ప్రచురణ సంస్థలు విలీనమవుతాయి. అధిపతులు ఇద్దరు, వారి సహాయకులు ఇద్దరు: లూసీ, జాషువా. ఎదురెదురుగా కూర్చుని రోజంతా ద్వేషించుకోవడమే వీరి దినచర్య. ఇంతలో ఒక కొత్త పదవి వస్తుంది. అది దక్కినవారు రెండోవారికి పై అధికారి. ఈ కక్షను పుట్టించినది యాజమాన్యం పెట్టిన పోటీ. అనుభవించేది మాత్రం ఉద్యోగులు. విలీనంలో కొందరి ఉద్యోగాలు ఊడిన సంగతి రచయిత్రి చెప్పకపోలేదు, చెప్పి గబగబా దాటేశారు. చివరకు జాషువా మరో సంస్థలో ఉద్యోగం చూసుకుంటాడు. పోటీ అలాగే ఉంటుంది, పోటీదారుడు తప్పుకుంటాడు.

అయినా ఈ నవల చదివిస్తుంది. లూసీ ఏ రోజు గౌను వేసుకుందో, ఏ రోజు స్కర్టు వేసుకుందో జాషువా తన డైరీలో గుర్తులు పెట్టుకుంటాడు. అతని చొక్కాల రంగులు ఏ వరసలో మారతాయో ఆమెకు కంఠతా వచ్చు. (నిజం ఆఫీసులో ఎవడైనా ఇలాంటి డైరీ రాస్తే ఫిర్యాదు చేయవలసిందే.) మనిషిని జీతాల పట్టీలో ఒక అంకెగా చూసే చోట, శత్రువైనా సరే, ఒకరు తనను ఇంత శ్రద్ధగా గమనిస్తున్నారన్న ఊహకు పాఠకురాలు లొంగిపోతుంది. ఆ ఆకలి అబద్ధం కాదు.

మనకూ ఇది కొత్త కాదు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరం ఇలాగే అభిమానాలతో ఢీకొన్నారు, 1976లో ఆ నవల సినిమా కూడా అయింది. అయితే ఇక్కడ ఒకరు జీతం ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకునేవారు. ఉద్యోగాలకు బయలుదేరిన మధ్యతరగతి ఆడపిల్లకు యజమాని ముందు తల వంచని జయంతి ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. తగవు ఉన్నంతసేపే ఆమె అతనికి సమానం. పెళ్లి దగ్గర పడేకొద్దీ ఆ పొగరు అలకగా మారిపోతుంది. నవలలో నాకు నచ్చనిది ఆ మార్పే. రాజశేఖరం కారు, మేడ కావు.

మన అభ్యుదయ కథలో గుమాస్తా ఉన్నాడు, సమ్మె ఉంది. పక్క కుర్చీలోని మనిషిని రోజూ చూసే చూపు మాత్రం అరుదు. దాన్ని ఈ నవలలకే వదిలేసి, పాఠకులు అటు వెళ్లారని నిష్ఠూరమాడుతున్నాం.