మోసే పడవ, మోయించుకునే పడవ

పాపికొండల లాంచీ ఎక్కని తెలుగువాళ్లకు కూడా ఆ ప్రయాణం ఎలా సాగుతుందో తెలుసు. పొద్దున్నే రేవులో ఉప్మా ప్లేటు, మైకు, డాన్సులు, పేరంటాలపల్లి మెట్లు, మధ్యాహ్నం భోజనం, ఇసుకతిన్నెల మీద ఫొటోలు. కాబట్టి దాన్ని వర్ణించను. దాని పక్కన పెట్టి చూడాలనుకుంటున్నది అమెరికాలో, మిన్నెసోటా ఉత్తరపు అంచున కెనడాను ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్‌ని. పది లక్షల ఎకరాలకు పైబడిన అడవి, అందులో వెయ్యికి మించిన సరస్సులు. చాలా సరస్సుల్లో మోటారు చప్పుడే ఉండదు. ఈలీ అనే చిన్న ఊరి నుంచి వేసవిలో గైడు వెంట కెనూ బృందాలు బయల్దేరతాయి. రెండు చోట్లకూ వెళ్లాను. రెండూ ఇష్టమే.

రెండింటి సరుకూ ఒకటే: జనం లేని చోటికి జనంతో కలిసి వెళ్లడం. అయితే లాంచీలో జనం ఎంతమంది ఉంటే అంత సందడి, టికెట్టు ధరలో ఆ సందడి కూడా కలిసే ఉంటుంది. అక్కడ మాత్రం బృందానికి 9 మంది, 4 పడవలు, అంతే. పదో మనిషి మేనమామ అయినా సరే, వేరే బృందంగా రావలసిందే. అలాగని మన లాంచీని మోటుదనంగా కొట్టిపారెయ్యలేను. కొండలు రెండూ దగ్గరకు జరిగిన చోట డాన్సు చేస్తున్నవాళ్లు కూడా కాసేపు ఆగి రెయిలింగు దగ్గరకు రావడం చూశాను. ఆ మౌనం ఎవరూ పెట్టిన నిబంధన కాదు.

అసలు తేడా నేల దగ్గర వస్తుంది. గోదావరి ఒకే దారి, ఎక్కితే దిగేదాకా నీరే. అక్కడ సరస్సుకూ సరస్సుకూ మధ్య రాళ్లూ వేళ్లూ నిండిన నేల అడ్డం. పడవనూ సామాన్నీ భుజాన వేసుకుని నడవాలి. ఆ కాలిబాటను పోర్టేజీ అంటారు. దూరాన్ని మైళ్లలో కాదు, రాడ్లలో చెబుతారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, దాదాపు ఒక కెనూ పొడవు. మా గైడు కాలేజీ చదివే అమ్మాయి. ప్లాస్టిక్ సంచిలో ఉన్న మ్యాపు చూసి “ఎనభై రాడ్లే” అంది. పావు మైలన్నమాట. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పడవ అంచు పట్టి తొడల మీదికి లాక్కుని, ఒక్క ఊపుతో బోర్లించి భుజాల మీదికి ఎత్తుకుంది. కెవ్లార్ పడవ, ఇరవై కిలోలు ఉంటుంది. భుజాల మీద ఆనే అడ్డకొయ్యను వాళ్లు ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? ఎద్దు మెడ మీది కాడిని ఏమంటారో అదే.

మన సరంగుదీ ఇలాంటి ఒళ్లు తెలిసిన విద్యే, కానీ అది అద్దాల గదిలో ఉండిపోతుంది. మనకు వినపడేది మైకు పట్టుకున్న కుర్రాడి గొంతు. లాంచీలో ప్రాణం మొత్తం సరంగు చేతిలో. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీతో పాటే ఆ నమ్మకం ఎలా మునిగిందో గోదావరి జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. కెనూలో ప్రాణం కొంత ముందు తెడ్డు వేసేవాడి చేతిలో, కొంత వెనక కూర్చుని దారి తిప్పేవాడి చేతిలో. గాలి లేస్తే ఇద్దరూ ఒడ్డు పట్టుకునే పోవాలి. ఇది భద్రత ఎక్కువని చెప్పడం కాదు, ఆ నీళ్ల చలి పొరపాటును క్షమించదు. భయాన్ని అందరికీ తలా కాస్త పంచుతారు, అంతే.

కళలోనూ ఇదే వరస. బాపు-రమణల ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) రెండింట్లోనూ పడవ ఒక ఊరు. తగాదా, ప్రేమ, పరాచికం అన్నీ దాని మీదే. ఈలీలో ఏళ్ల తరబడి కెనూ గైడుగా పనిచేసిన సిగర్డ్ ఓల్సన్ రాసిన ‘ది సింగింగ్ వైల్డర్‌నెస్’ (1956)లోనేమో మనుషులు పలచన, నిశ్శబ్దం చిక్కన. భక్తి కాస్త ఎక్కువే. ముళ్లపూడి వారిని ఓ వారం ఆ కెనూ ఎక్కించి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అయితే ఓల్సన్‌నే ‘ది లోన్లీ లాండ్’ (1961)లో చూస్తే, చర్చిల్ నది మీద నడివయసు మిత్రబృందంతో ఉంటాడు. పూర్వం బొచ్చుతోళ్ల వ్యాపారపు పడవల నాయకుణ్ని పిలిచినట్టు, వాళ్లు ఆయన్ని ‘బూర్జువా’ అని పిలుస్తారు. అంటే అక్కడా పరాచికం ఉంది, మైకు లేదు.

నాకు మరీ ముచ్చటేసిన పోలిక ఇంకొకటి. పేరంటాలపల్లిలో బాలానంద స్వామి మునివాటం ఉంది. లాంచీలన్నీ అక్కడ ఆగుతాయి. అలాగే బౌండరీ వాటర్స్‌లోని నైఫ్ లేక్ దీవుల్లో డొరొతీ మోల్టర్ అనే నర్సు 1986లో చనిపోయేదాకా ఒంటరిగా ఉంది. చిన్న విమానాలు అక్కడ వాలడం నిషేధించాక సోడాలు రావడం ఆగింది. మిగిలిన ఖాళీ సీసాల్లో ఆమే రూట్ బీర్ కాచి పోసి, వచ్చిన బృందాలకు ఇచ్చేది. ఒకచోట గుడి, ఒకచోట చల్లటి సీసా. ఏకాంతం కోరుకున్నవాళ్ల గుమ్మం ముందే గుంపులు వరస కట్టడం మాత్రం ఒకటే.

ఈ రెండు నీళ్లకూ ఒక పాత బాకీ కూడా ఉంది. సరిహద్దుకు ఆవల, అదే సరస్సుల కొనసాగింపైన క్వెటికో పార్కు కోసం ఒజిబ్వే జనం తమ స్టర్జన్ లేక్ నేలను పోగొట్టుకున్నారు. 1991లో ఒంటారియో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఇక్కడ కొండరెడ్ల, కోయల గూడేలు పోలవరం ముంపులోకి వెళుతున్నాయి. లాంచీ కుర్రాడు ఒడ్డు చూపించి ఊరి పేరు చెబుతాడు, ఆ తర్వాత పాట పెడతాడు.

మళ్లీ ఆ పోర్టేజీ దగ్గరికి వస్తాను. పట్టు వదలక నేనూ పడవ ఎత్తుకున్నాను. తలమీద బోర్లా ఉన్న పడవలోంచి కాళ్ల ముందు రెండు గజాల నేల తప్ప ఏమీ కనపడదు. ముందు నడుస్తున్న గైడు వెనక్కి తిరక్కుండానే చెబుతూ పోయింది: “రాయి… వేరు… ఎడమకి బురద…” అప్పుడు గుర్తొచ్చాడు, వేసవిలో నీళ్లు తగ్గిన గోదావరి మీద లాంచీ ముక్కున నిలబడ్డ కుర్రాడు. మైకు పాట హోరులోనే గెడ దించి, అడుగు తగిలినప్పుడల్లా వెనక్కి కేకేస్తున్నాడు. సరంగుకు తప్ప అది ఎవరికీ వినపడటం లేదు.