ఈగ ఒంటిమీద వెలుతురు

తెలుగు తెరమీద గ్రాఫిక్స్ అనగానే చాలామందికి ‘బాహుబలి’లోని మాహిష్మతి కోట, ఆకాశం నుంచి దూకే జలపాతం గుర్తొస్తాయి. నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక ఈగ. 2012 జులై 6న విడుదలైన ఎస్.ఎస్. రాజమౌళి ‘ఈగ’లో కథానాయకుడు మొదటి సగంలోనే హత్యకు గురవుతాడు. అతడు ఈగగా మళ్లీ పుట్టాక సినిమాను మోసేది మాట రాని ఆ ఈగ ఒక్కటే. అది నిజంగా తెరమీది గదిలో ఎగురుతోందని ప్రేక్షకుడు నమ్మకపోతే కథ అక్కడితో సరి. కానీ జనం నమ్మారు, దాని పగను తమ పగగా చేసుకున్నారు. అంత నమ్మకం సంపాదించిన పనితనాన్ని తీరిగ్గా, దగ్గరగా చూడాలి.

ఆ ఈగను చాలావరకు తయారుచేసింది హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్‌ఎక్స్. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన పీట్ డ్రేపర్ బ్రిటన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నిపుణుడు. మకుట పెట్టకముందే ఆయన నిప్పు, నీరు, మట్టి, గాలి వంటివాటిని త్రీడీఎస్ మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎలా పుట్టించాలో చెబుతూ ‘డీకన్‌స్ట్రక్టింగ్ ది ఎలిమెంట్స్’ అనే పుస్తకం రాశాడు. దాని పద్ధతి సూటిగా ఉంటుంది: ముందు అసలు వస్తువును చూడు, అది అలా ఎందుకు కనిపిస్తోందో విడదీసి అర్థం చేసుకో, ఆ తర్వాతే మౌస్ పట్టుకో. ‘ఈగ’ బృందం సరిగ్గా అదే చేసింది. ఒక ఈగను సీసాలో పట్టి ఫ్రిజ్‌లో ఉంచి, అది స్పృహ తప్పాక దగ్గరి నుంచి ఫొటోలు తీశారు. పని మొదలైంది ఆ ఫొటోల నుంచే.

ఆ ఫొటోలలాంటివి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈగ ఒళ్లంతా ఒకే పదార్థంలా కనిపించదు. వీపు గట్టి పెంకు, దానిమీద వెలుగు చిన్న చుక్కగా మెరుస్తుంది. ఆ పెంకు నిండా ముళ్లలాంటి నూగు. వెలుతురు వెనక నుంచి పడితే ఒంటి చుట్టూ సన్నని అంచు గీసేది ఆ నూగే. కళ్లు వేల చిన్న కటకాల గుంపు కాబట్టి వాటిమీద మెరుపు ఒక్కచోట నిలవకుండా చెదురుతుంది. రెక్క అతి పలుచని పొర. దాని పైతలం నుంచి, అడుగుతలం నుంచి వెనక్కి వచ్చే వెలుగులు ఒకదానితో ఒకటి కలిసి, సబ్బు బుడగమీద తేలేలాంటి రంగులు పుట్టిస్తాయి. కంప్యూటర్‌లో ఈ నాలుగింటికీ నాలుగు రకాల లెక్కలు కావాలి. ఆకారం గీసి రంగు పూస్తే వచ్చేది ప్లాస్టిక్ బొమ్మ. ఏ ఉపరితలం ఎంత వెలుగును మింగుతుంది, ఎంత తిప్పి పంపుతుంది, ఎంతను తనలోంచి పోనిస్తుంది అని విడివిడిగా చెబితేనే అది ఈగ అవుతుంది.

ఇక్కడే ఈ బృందం వివేకం కనిపిస్తుంది. ఈగ ముఖంలో ఎనభై శాతం కళ్లే. రెప్పలు లేవు, కనుబొమలు లేవు. మొదట్లో వచ్చిన రూపంలో భావం పలకలేదు. పిక్సార్ వారి ‘లక్సో జూనియర్’లోని టేబుల్ ల్యాంప్ తనకు అసలు ముఖమే లేకపోయినా వంపుల్లోనే సంతోషం, దిగులు చూపిస్తుంది. వీళ్లకు దారి చూపింది అదే. తల వంచడంలో, ముంగాళ్లు రుద్దుకోవడంలో, రెక్క విదిలించడంలో నటన పెట్టారు. ఒళ్లు మాత్రం నిజమైన ఈగదే. దానికి మనిషి మూతి అతికించి ఉంటే సినిమా పిల్లల కార్టూన్‌గా మిగిలేది. ఎక్కడ ప్రకృతిని వదలకూడదో, ఎక్కడ కొంచెం సవరించాలో తెలియడమే ఈ విద్యలో అసలు నేర్పు.

ఇక ఈగ చుట్టూ ఉన్న లోకం. తాను ఎవరో కథానాయిక బిందుకు చెప్పడానికి ఈగ ఆమె కన్నీటితో బల్లమీద అక్షరాలు రాసే ఘట్టం గుర్తుందా? అంత చిన్న కొలతలో నీరు పారదు, బొట్టుగా బిగుసుకుని కూర్చుంటుంది. తడి తగిలిన చోట బల్ల రంగు ముదురుతుంది, పైన ఒక మెరుపు వస్తుంది. కెమెరా అంత దగ్గరికి వెళ్లినప్పుడు వెంట్రుకవాసి దూరం మాత్రమే స్పష్టంగా ఉండి, ముందూ వెనకా మసకబారుతుంది. గ్రాఫిక్స్ ఈగ కూడా కచ్చితంగా అంతే మసకలో ఉండాలి. గదిలోని దీపం అసలు నటి చెంపమీద ఏ పక్క నుంచి పడుతోందో, లేని ఈగ వీపుమీదా ఆ పక్క నుంచే పడాలి. అందుకే ఇలాంటి పనుల్లో షూటింగ్ చోటే అద్దపు గోళం పెట్టి, నాలుగు దిక్కుల వెలుతురునూ ఫొటో తీసి కంప్యూటర్‌కు అందిస్తారు. పాల్ డెబెవెక్ 1998లో ప్రచురించిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. వీటిలో ఏది తప్పినా ప్రేక్షకుడు కారణం చెప్పలేడు కానీ, “గ్రాఫిక్స్‌లే” అని పెదవి విరుస్తాడు.

60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు ఈ పనికే మకుటకు దక్కింది. ‘బాహుబలి’ జలపాతంలోనూ ఈ సంస్థ చేయి ఉంది. అక్కడ సవాలు తిరగబడింది. చిన్నదాన్ని పెద్దగా చూపించడం పోయి, కొండంత నీటికి కొండంత బరువు తెప్పించాల్సి వచ్చింది. ఎంత ఎత్తు నుంచి దూకితే నీరు అంతగా చీలి, తుంపరై, పొగమంచులా మారుతుంది. చుక్కలు ఆ పక్కన ఉన్న మనిషికి తగిన పరిమాణంలో లేకపోతే మహా జలపాతం కూడా కుళాయి ధారలా కనిపిస్తుంది.

ఈ విద్య నేర్చుకునేవారికి మా విజయవాడను మించిన బడి ఉండదని నా నమ్మకం. పున్నమి ఘాట్ మెట్లమీద నిలబడి కృష్ణను చూడండి. నీరు తేటగా ఉన్న రోజుల్లో కాళ్ల దగ్గర అడుగు కనిపిస్తుంది. చూపు ఆవలి గట్టువైపు సాగేకొద్దీ అదే నీరు అద్దమై ఆకాశాన్ని చూపిస్తుంది. నిటారుగా పడిన వెలుగులో నూటికి రెండు పాళ్లే నీరు వెనక్కి పంపుతుంది, నీటిని ఒరుసుకుపోయేంత ఏటవాలుగా తగిలేదాన్ని దాదాపు మొత్తంగా పంపుతుంది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో కట్టిన ఈ లెక్క లేకుండా నేడు ఏ సినిమాలోనూ గ్రాఫిక్స్ నీరు నీరులా కనపడదు. బందరు కాలువ వెంట వెళ్తే దమ్ము చేసిన నల్లరేగడి కనిపిస్తుంది. తడిసిన మట్టి గుల్లల్లో నీరు నిండి, వెలుగు లోపలికి ఎక్కువగా దిగి అక్కడే ఇంకిపోతుంది, అందుకే నలుపు చిక్కబడుతుంది. ఎండాకాలంలో అదే నేల నెర్రెలిచ్చి బూడిద రంగుకు తిరుగుతుంది. ఉండవల్లి గుహల రాతిమీద గరుకు, నునుపు ఒకే స్తంభంలో పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి క్రమంలేని క్రమాన్ని లెక్కతో పుట్టించే దారిని కెన్ పెర్లిన్ 1985లో చూపించాడు. పెర్లిన్ నాయిస్ అనే ఆ పద్ధతికి ఇప్పుడు దాదాపు ప్రతి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక మీట ఉంది. దాన్ని ఎంత తిప్పాలో చెప్పాల్సింది మాత్రం రాయిని చూసిన కన్నే.

బెజవాడలో యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లలకు నా మాట ఒక్కటే. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ టెక్స్చర్లు కాసేపు పక్కనపెట్టండి. ఫోను పట్టుకుని కాలువగట్టుకు, పొలానికి, హంసలదీవి ఇసుకకు వెళ్లి పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫొటోలు తీయండి. మన వాళ్లు లేని మాహిష్మతిని కట్టి చూపించారు. ఉన్న కృష్ణా డెల్టాను అంత నమ్మకంగా తెరమీద కట్టే పని ఇంకా మిగిలే ఉంది. అది మీరే చేయాలి.