మన సాహిత్యంలో వృద్ధ వితంతువు

1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆనాటినుంచి మన రచయితలు వితంతువును గూర్చి చాలానే వ్రాశారు. కాని అందులో అధికభాగం పడుచు వితంతువును గూర్చినదే. పునర్వివాహమే పరిష్కారమనుకున్న సంస్కరణ దృష్టికి, పెళ్ళీడు దాటిన స్త్రీ సమస్యగా కనిపించలేదు. ‘కన్యాశుల్కం’లో బుచ్చమ్మ భవిష్యత్తును గూర్చి చర్చించుకున్నాం, పూటకూళ్ళమ్మ చీపురుకట్టను చూచి నవ్వుకున్నాం. తన కష్టంమీద తాను బ్రతికే ఆ మనిషి మనసులో ఏముందని మనలో ఎందరం అడిగాం?

అరవైయేళ్ళకు భర్తను పోగొట్టుకున్న స్త్రీ దుఃఖాన్ని పదోరోజున ఆచారం నలుగురి ఎదుటా పెడుతుంది. మర్నాటినుంచి అది ఎవరికీ పట్టదు. రెండు గ్లాసుల కాఫీ కలపటానికి అలవాటుపడిన చెయ్యి ఒక గ్లాసు దగ్గర ఆగటం కథకు చాలినంత విషయమే.

అయితే ఈ దుఃఖం అందరిళ్ళలోనూ ఒక్కటే అనుకోవటం పొరపాటు. గుడివాడ ప్రాంతపు మోతుబరి ఇంటిని తీసుకోండి. వీలునామా వ్రాయకుండా పోయిన భర్త ఆస్తిలో బిడ్డలతోపాటు భార్యకూ సమాన వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్పింది. కాని వాటా కాగితంమీదే ఉండి, ధాన్యం కొట్టు తాళంచెవి చెయ్యి మారితే, ఆమె తన ఇంట్లోనే చుట్టం అవుతుంది. దివిసీమలో కూలి నాలి చేసుకొనే స్త్రీకి ఏడ్చే తీరికైనా లేదు, నాట్లు ఆగవు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకుంది. శవాలను గూర్చి మనవాళ్ళు ఆవేదనతో వ్రాశారు. ఆనాడు ముప్పయ్యేళ్ళకు భర్తను పోగొట్టుకున్న స్త్రీకి ఈనాడు ఎనభై సమీపిస్తున్నాయి. ఆమె ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకువచ్చిందో చెప్పిన కథ నాకు తారసపడలేదు.

బందరులో 1902లోనే బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ గార్లు బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. ఇల్లు దాటి వచ్చి స్త్రీలు కూర్చొని మాట్లాడుకొనే చోటు అవసరమని వారు గుర్తించారు. బ్రతికుండగా పేరుపెట్టి పిలవని భర్తను గూర్చి మనసువిప్పి చెప్పుకోవటానికి వృద్ధురాలికీ అటువంటి చోటే కావాలి.

మన కథకులు ఆమెను అరుగుమీద మామ్మగా కూర్చోబెట్టి ఊరుకోరాదు. ఆస్తిమీద చెల్లుబాటు, చేతికి పని, చెప్పుకోవటానికి తోటివారు — వీటిలో ఆమెకు ఏది ఉన్నదో, ఏది లేదో చూడాలి. ఆమె మనసు కుదుటపడటం, పడకపోవటం అక్కడే తేలుతుంది.