ఊరెరిగిన డెస్కు

వార్తల యాప్‌లో ‘లింగాల’ అని వెతికితే పులివెందుల పక్కనున్న మన లింగాల ఒక్కటే రాదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలమూ వస్తుంది, జనగామ వైపు లింగాలఘనపురమూ వచ్చి పడుతుంది. శివరాత్రికైతే జ్యోతిర్లింగాల కథనాలూ వరస కట్టొచ్చు. యంత్రం అక్షరాలను కలిపి చూస్తుందంతే.

ఊరిని చూసేది డెస్కులోని సబ్ఎడిటర్. మండల విలేకరి పంపిన వార్తను దిద్ది, శీర్షిక పెట్టి, జిల్లా, నియోజకవర్గం, మండలం ట్యాగులు తగిలిస్తారు. పేరు రాని పని. నాకు దానిమీద ఎనలేని గౌరవం. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చిన నాటి నుంచీ తెలుగు డెస్కులకు ఈ ఊరివారీ చూపు అలవాటే.

పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరునే (సీబీఆర్) తీసుకోండి. ‘సీబీఆర్‌కు నీళ్లు’ అన్న వార్తలో లింగాల మాటే ఉండకపోవచ్చు. అప్పుడు ఎంత వెతికినా దొరకదు. చీనీ చెట్లకు తడి అందుతుందో లేదోనని చూసే రైతుకు ఆ రోజు అంతకు మించిన కబురు ఏముంటుంది? పార్నపల్లె లింగాల మండలంలోదని ఎరిగిన మనిషి ట్యాగు పెడితేనే అది ఆయన ఫోనుకు చేరుతుంది. అటువైపు శ్రీసత్యసాయి జిల్లా వాళ్లకూ ఆ నీటితో పని ఉంది కనుక అక్కడా వేయాలి.

జిల్లా పేరూ మారుతూ వచ్చింది. కడప 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప. పాత వార్తలు, కొత్తవి ఒక్కచోట దొరకాలంటే మూడు పేర్లనూ ఎవరో ఓపిగ్గా ముడివేయాలి. పార్నపల్లె, పార్నపల్లి అన్న రెండు రాతలనూ అంతే.