గుంటూరు సీమపై పిండారీల దాడి: ఒక లెక్కను చదువు విధము

మూడవ ఆంగ్ల మహారాష్ట్ర యుద్ధమున తొలి పోరు 1817 నవంబరు 5వ తేదీన పూనా చెంత ఖడ్కీలో జరిగినదని చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. సైన్యములు తలపడుటయే యుద్ధారంభ మైనచో ఈ మాట సత్యము. కాని ఆ యుద్ధమునకు ఉపోద్ఘాతము 1816 మార్చిలో, బెజవాడకు ఎదుటి ఒడ్డున నున్న గుంటూరు సీమలో వ్రాయబడినదని మా అభిప్రాయము.

ఆ నెలలో పిండారీ గుఱ్ఱపు దండులు గుంటూరు సీమను, పొరుగు జిల్లాలను సుమారు పండ్రెండు దినములు దోచినవి. కుంపిణీవారు పిమ్మట కట్టిన లెక్క ప్రకారము కొల్లపోయిన గ్రామములు 339. హతులైనవారు 182 మంది. తీవ్రముగా గాయపడినవారు 505 మంది. చిత్రహింసల పాలైనవారు 3600కు పైగా. నష్టము 25 లక్షల రూపాయలని అంచనా.

ఈ లెక్క అబద్ధమని మేము అనుట లేదు. అందలి దుఃఖము నిజమే. అయితే చరిత్రకారులు మరల మరల ఉదాహరించు ఈ సంగ్రహమున ఒక్క రైతు పేరు లేదు, ఒక్క గ్రామము పేరు లేదు. లెక్కకు పేర్లెందుకని ఆక్షేపింపవచ్చును. లెక్కకు అక్కఱలేదు, లెక్కను మాత్రమే ఉదాహరించు చరిత్రకు అక్కఱ కలదు.

ఏలయన, ఈ అంకెలు ఊరక యుండలేదు. పిండారీలపై దండెత్తుటకు లండనులోని డైరెక్టర్లు అంతవఱకు వెనుకాడుచుండిరి. ఈ దాడి వార్త వారి సంకోచమును సడలించినది. గవర్నరు జనరల్ హేస్టింగ్సు లక్షకు మించిన సైన్యమును నడపెను. కాని ఖడ్కీలో కుంపిణీ సేన నెదిరించినది పిండారీలు కారు, పీష్వా రెండవ బాజీరావు సేన. 1818లో పీష్వా రాజ్యమే అంతరించినది. మన పల్లెల గాయములు సాక్ష్యముగా మొదలైన దండయాత్ర ఫలము ఇట్లు పరిణమించినది.

కావున పరిశోధక విద్యార్థులు ఈ లెక్కను ఒంటరిగా చదువరాదు. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో గుంటూరు సీమ గ్రామముల వృత్తాంతములు కలవు. చెఱువులు, గుడులు, మాన్యములు, వాని దాతలు అందు పేరుపేరున కనిపింతురు. అవియు నిర్దోషములు కావు. కరణము కలమునకు పాలేరు, కూలి అంతగా కనబడరు. అయినను గ్రామమునకు పేరున్నది అచ్చటనే. అంకె యొక ప్రక్కన, ఊరి పేరు వేఱొక ప్రక్కన నుంచి చదివిననాడు ఆ 339 గ్రామములు యుద్ధమునకు సాకుగాక, మన చరిత్రగా నిలుచును.